పడ్డవాళ్ల పేర్లు

పినపాక దాటి అడవి మొదలయ్యే చోట వారానికొకసారి సంత కూడుతుంది. పొద్దున్నే గూడేల నుంచి ఆడవాళ్లు చింతపండు, ఇప్పపువ్వు, చీపురుకట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతారు. మణుగూరు బస్సులో ఉల్లిగడ్డల వాళ్లు, ఎండుచేపల వాళ్లు వస్తారు. మధ్యాహ్నానికి అమ్ముకునేది అమ్ముకుని, కొనుక్కునేది కొనుక్కుని, అందరూ బసవపున్నయ్య రేకుల షెడ్డులోకి పోతారు. అక్కడ కరాటే సినిమా వేస్తారు. సినిమా అయిపోయాక జనం ఇళ్ల దారి పడతారు. అప్పుడు ముత్తక్క నల్లేరు గంప, వెదురు బద్దలు, పాతచీరల పేలికలు తీసుకుని లోపలికి పోయి, తెర ముందు పడి ఉన్నవాళ్లకు కట్లు కడుతుంది.

ఎవరా పడి ఉన్నవాళ్లు అంటారా? ఇంకెవరు, సినిమాలో దెబ్బలు తిన్నవాళ్లే. హీరో ఒక్కడు, వాళ్లు వీధి నిండా. ఒకణ్ణి మోకాలి మీద తంతాడు, ఒకణ్ణి గోడకేసి కొడతాడు, ఇంకొకణ్ణి మిద్దె మీది నుంచి విసిరేస్తాడు. తర్వాత గురువు సమాధికి దండం పెట్టి కొండెక్కి పోతాడు. కెమెరా ఆయన వెంటే పోతుంది. పడ్డవాళ్ల సంగతి సినిమా తీసినవాళ్లకు పట్టలేదు. మరి వాళ్లెక్కడికి పోవాలి? తెర కింది అంచులోంచి ఒక్కొక్కరే షెడ్డులోకి దొర్లుతారు. దవడ జారినవాడు, చెయ్యి వేలాడేవాడు, నడుం పట్టుకున్నవాడు గోడవారన వరసగా కూర్చుంటారు, దవాఖానాలో కూర్చున్నట్టే. ముత్తక్క కట్టు కట్టి, రాగిజావ తాగిస్తుంది. పొద్దు వాలేలోపు తల వంచి, గుడిసెలోకి దూరినట్టు తెరలోకి వెళ్లిపోతారు. అప్పుడు బసవపున్నయ్య తెర మడత పెడతాడు. ఆట మొదలైన నాటి నుంచీ ఇంతే. ఎముక విరిగినవాడికి ఎవరో ఒకరు కట్టు కట్టాలి కదా. దేవుడు ఎముకను అంత పెళుసుగా ఎందుకు చేశాడో ఆ భద్రాద్రి రామయ్యకే ఎరుక.

బసవపున్నయ్య వాళ్లది కృష్ణ ఒడ్డు. తండ్రి కాలంలో వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మిరపకాయలు దాచుకునేందుకు షెడ్డు వేశాడు. పంట పోయిన ఏడు అది ఖాళీగా ఉంటే తెల్లగుడ్డ కట్టి సినిమా మొదలుపెట్టాడు. కుటుంబకథలు వేసి చూశాడు, జనం నిద్రపోయారు. గూడేల్లో ముసలివాళ్లకు కోయభాష తప్ప తెలుగు అంతంత మాత్రం. కరాటే సినిమాకు భాషతో పని లేదు. తన్ను ఏ భాషలో తన్నినా అర్థమవుతుంది.

ఆ సినిమాల సరదా చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గురువుగారి తెల్లగడ్డం ఒక పక్క ఊడి గాలికి ఊగుతుంటుంది. మనిషి చెట్టు మీది నుంచి చెట్టు మీదికి ఎగిరితే నడుముకు కట్టిన తీగ ఎండకు మెరుస్తుంది. పెదవులు బోలెడంత సేపు కదిలి, చివరికి 'సరే' అని ఒక్క మాట వినిపిస్తుంది. బసవపున్నయ్య పెన్‌డ్రైవుల్లో దెబ్బ ముందు పడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. ఆ రెంటి నడుమ సందులో షెడ్డులో ఉన్నవాళ్లంతా నోటితో 'డిష్యుం' అని పూరించేవాళ్లు. చింతపండు గంపల ముసలమ్మలు అందరికంటే గట్టిగా అరిచేవాళ్లు. ఇంతమంది నవ్వే చోట అమ్మవారు కూడా ఓ మూల కూర్చునే ఉంటుంది.

ముత్తక్క మాత్రం ఇన్నేళ్లలో ఒక్క సినిమా చూడలేదు. షెడ్డు బయట కూర్చుని నల్లేరు కణుపులు గిల్లుకుంటూ ఉండేది. లోపల ఏం జరిగిందో తర్వాత వాళ్ల ఒళ్లు చూస్తే తెలిసిపోతుంది ఆమెకు.

కట్టు కట్టడం ఆమెకు తల్లి నేర్పింది. పసరు పూయాలి, బద్దలు వరసగా పేర్చాలి, పేలిక చుట్టాలి. ఆఖరి ముడి బిగించేటప్పుడు ఆ మనిషి పేరు పైకి పలకాలి. తానెవరిదో ఎముకకు చెప్పాలన్నమాట. చెప్పకపోతే అతకదు. సినిమావాళ్లతో వచ్చిన చిక్కే అది. తెర మీద హీరో పేరు పడుతుంది, గురువు పేరు పడుతుంది, వాళ్ల పేర్లు ఎక్కడా పడవు. అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు. మొదట్లో ముత్తక్క పేరు లేకుండానే కట్టింది. మరుసటి వారం అదే చెయ్యి అట్లాగే వేలాడుతూ వచ్చింది.

అప్పుడామె ఊరి చివర పెద్దల రాళ్ల దగ్గరికి పోయింది. గూడెంలో చచ్చిపోయినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో నిలువురాయి. రాతి మొదట్లో నీళ్లు పోసి, రెండు ఇప్పపూలు పెట్టి, నీ పేరు ఒక్కపూట ఇయ్యి తాతా అని అడిగింది. అట్లా ఒకడికి జోగయ్య అని, ఒకడికి సింగయ్య అని పేరు పెట్టి ముడి వేసింది. ఎముకలు అతికాయి. చచ్చినవాళ్ల పేర్లతో లేచినవాళ్లు చీకటి పడకముందే తిరిగి తెరలోకి పోయేవాళ్లు. బతికున్నవాళ్ల పేరు మాత్రం ఆమె ఎన్నడూ ఇవ్వలేదు. ఇంకొక్క పేరు కూడా ఇవ్వలేదు, తన పెనిమిటిది. ఆయన బతికుండగా ఆ పేరు నోట పలకలేదు, పోయాకా పలకలేదు. బీడీ తాగుతూ నవ్వే మనిషి. ఆయన రాయి దగ్గర నీళ్లు పోసి ఊరికే కూర్చుని వచ్చేది.

ఆయన వదిలిపోయిన కొడుకు ఒక్కడే, రామకృష్ణ. పాల్వంచలో కొన్నాళ్లు కూలిపని చేసి, షిఫ్టుల కాపరం పడక తిరిగొచ్చాడు. సంత రోజు తల్లికి నీళ్లు మోసేవాడు, బద్దలు చీల్చి ఇచ్చేవాడు. మిగతా రోజులు టేకు మాను మీద తన్నులు నేర్చుకునేవాడు. సినిమాలో ఏ హీరో ఎట్లా నిలబడ్డాడో అచ్చం అట్లాగే నిలబడేవాడు, ఎడమ కాలు ముందు, అరచెయ్యి బయటికి. పాదం చిట్లి ఇంటికొస్తే ముత్తక్క పసరు రాస్తూ తిట్టేది. అతను నవ్వేవాడు, తండ్రి నవ్వినట్టే.

పడ్డవాళ్లంటే అతనికి లెక్కలేదు. ఒకసారి, మీసం సగం ఊడిన పెద్దమనిషికి జావ అందిస్తూ అడిగాడు.

"అందరు ఒక్కసారి మీద పడితే అయిపోతుండె గద. లైన్ల నిలబడి ఒక్కొక్కడే పోతరేంది? రేషన్ బియ్యానికా?"

ఆ పెద్దమనిషి పెదవులు చాలాసేపు కదిలాయి. మాట కాస్త ఆగి వచ్చింది.

"మేమందరం ఒకేసారి దాడి చేస్తే అతడు మరణిస్తాడు సోదరా. అతడు మరణిస్తే చిత్రం ముగుస్తుంది. మాకు వేరే ఇల్లు లేదు."

రామకృష్ణకు అది తలకెక్కలేదు. సంతలో అతని తన్నులు చూసి ఇసుక కాంట్రాక్టరు ఉదయ్ భాస్కర్ పిలిపించాడు. నల్ల బనీను ఇచ్చి, గోదావరి ఇసుక తవ్వే చోట లారీల దగ్గర నిలబడమన్నాడు. అవతలి ఒడ్డు కాంట్రాక్టరు మనుషులు రాకుండా చూడాలి, అంతే పని.

"నువ్వు కొట్టినోళ్లకు గూడ నేనే కట్టాల్నా?" అంది ముత్తక్క.

"కొట్టుడు దాకా పోదవ్వా. నేను నిలబడితే చాలు, ఎవడు రాడు."

"నీ అయ్య గూడ గిట్లనే అన్నడు, ఎలుగొడ్డు ముంగట."

అతను నవ్వి నల్ల బనీను తొడిగి చూసుకున్నాడు. వచ్చే సోమవారం నుంచి పని.

ఆ సోమవారం ముందటి సంతకు బసవపున్నయ్య ఒక పెద్ద సినిమా తెచ్చాడు. అందులో ఒక్క మనిషి ఒక సైన్యాన్ని కొట్టాడు. జనం గొంతులు పోయేలా అరిచి, ఆనందంగా ఇళ్లకు పోయారు. ముత్తక్క లోపలికి వచ్చి చూస్తే కాలు పెట్టే చోటు లేదు. మిరపకాయల బస్తాల మీద, తలుపు దగ్గర, ఒకరి ఒళ్లో ఒకరు. ఆమె కూర్చుని మొదలుపెట్టింది. పేర్లు అయిపోతూ వచ్చాయి. పసిగుడ్డుగా పోయినవాళ్ల పేర్లు కూడా వాడింది.

చివరికి ఒక కుర్రాడు మిగిలాడు. నడుముకు ఎర్రదట్టీ, మెడకూ భుజానికీ నడుమ ఎముక విరిగి చర్మం కింద పొడుచుకొస్తోంది. ఏడుస్తున్నాడు, ఏడుపు ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తోంది. ముత్తక్క ఎముక సరిచేసి, బద్దలు పెట్టి, పేలిక చుట్టి ముడి లాగింది. సగం బిగిశాక ఒక బద్ద పగిలి జారింది. ముడి వదలకుండా, తల తిప్పకుండా పిలిచింది.

"రామకృష్ణా, బద్ద ఇటియ్యి."

ముడి బిగిసిపోయింది.

ఆమెకు తెలిసింది. చేతులు పేలిక మీదే ఆగిపోయాయి. విప్పుదామంటే, పడ్డ ముడిని ఎముక అతకకముందు విప్పితే ఆ ఎముక ఇంకెప్పటికీ అతకదు, మనిషే దక్కడు. తల్లి చెప్పిన మొదటి మాట అది. కొడుకు బద్ద తెచ్చి ఇచ్చాడు. ఆమె తీసుకుని పక్కన పెట్టింది. అతనికేం చెప్పలేదు.

పొద్దు వాలింది. అందరూ తెరలోకి పోయారు. ఎర్రదట్టీ కుర్రాడు గడప మీద కూర్చుని, నీరెండలో తన నీడను చూసుకుంటున్నాడు. బసవపున్నయ్య తెర మడత పెడుతూ, "ఏంటే ముత్తక్కా, ఇతను వెళ్లడా?" అన్నాడు.

"ఉంటడన్నా. పేరు పడ్డది."

బసవపున్నయ్య తెర పక్కన పెట్టి లేచాడు. ఒక పాత చొక్కా తెచ్చి ఇచ్చాడు.

ఆ కుర్రాడు ముత్తక్క ఇంట్లోనే ఉండిపోయాడు. ఒంటి చేత్తో మేకలకు ఆకు కోశాడు. రోజులు గడిచేకొద్దీ అతని మాట పెదవులకు దగ్గరగా వచ్చింది. 'మాతా' అన్నవాడు 'అవ్వా' అనడం మొదలుపెట్టాడు. రేషన్ దుకాణంలో అతను వేలు పెడితే మిషను 'రామకృష్ణ' అని ఒప్పుకుని బియ్యం ఇచ్చింది. కొడుకు వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. డీలరు హీరాలాల్, ఇద్దరిలో ఎవరి వేలు పడితే ఏముంది, బియ్యం ఇంటికే కదా అన్నాడు. ముత్తక్క వాకిట్లోంచి "రామకృష్ణా" అని పిలిస్తే ఎర్రదట్టీ కుర్రాడు లేచి వచ్చేవాడు. కొడుకు తల కూడా ఎత్తేవాడు కాదు. ఆ తర్వాత ఆమె "బిడ్డా" అని పిలవడం అలవాటు చేసుకుంది. అప్పుడు ఇద్దరూ చూసేవాళ్లు.

ముత్యాలమ్మకు కోడిని మొక్కుకుంది. ఆ భుజం ఎముక పూర్తిగా అతికేదాకా ఓపిక పట్టి, ముడి విప్పి, పేరు తెచ్చి కొడుక్కు ఇచ్చేస్తాను, అందాకా వాడిని చల్లగా చూడు తల్లీ అని వేడుకుంది.

ఎముక అతకలేదు ఇంకా. ఒక మధ్యాహ్నం ఇసుక తవ్వే చోటికి అవతలి ఒడ్డు మనుషులు ట్రాక్టర్లలో దిగారు. చూసిన లారీ క్లీనర్లు తర్వాత చెప్పారు. రామకృష్ణ ఇసుకలో ఎడమ కాలు ముందుకు పెట్టి, అరచెయ్యి బయటికి చాపి, మొదటివాడి కోసం ఎదురు చూశాడట. మొదటివాడు అంటూ ఎవడూ లేడు. అందరూ ఒక్కసారే వచ్చారు. పార కర్రలతో వచ్చారు. దెబ్బకూ చప్పుడుకూ నడుమ సందు లేదట. ఉదయ్ భాస్కర్ జీపు అప్పటికే కరకట్ట ఎక్కింది. అందరూ వెళ్లిపోయాక గోదారమ్మ ఒక్కతే అతని పక్కన ఉంది.

పెద్ద దవాఖానాలో పట్టీలు వేశారు, రక్తం ఎక్కించారు, ఏ ఎముకా పట్టడం లేదని, లోపల కూడా దెబ్బ ఉందని చెప్పి ఇంటికి పంపారు. ముత్తక్క కొడుకును చాప మీద పడుకోబెట్టి, పట్టీలు కోసి, తాను మొదలుపెట్టింది. ఆమె చేతులు అంత జాగ్రత్తగా ఎన్నడూ పనిచేయలేదు. పసరు పూసింది, బద్దలు పేర్చింది, పేలిక చుట్టింది, ముడి బిగించి "రామకృష్ణా" అంది.

ముడి జారింది.

మళ్లీ వేసింది. మళ్లీ జారింది. చచ్చినవాళ్ల పేరు పెడితే వాడూ చీకటి పడకముందే పోవాల్సినవాడవుతాడు. గుమ్మంలో నిలబడ్డ ఎర్రదట్టీ కుర్రాడు మాత్రం "ఆఁ అవ్వా" అన్నాడు.

అతనికి అర్థమైంది. వచ్చి ముత్తక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన భుజం ఆమె చేతికి అందేలా వంచాడు.

"ఇప్పెయ్యవ్వా. నాకు పడుడు అలవాటే."

ముత్తక్క చెయ్యి ఎత్తింది. ఎత్తలేదని ఎవరైనా చెబితే అది అబద్ధం. కన్నతల్లి, ఎత్తింది. వేళ్లు ముడిని పట్టుకున్నాయి. కుర్రాడు కళ్లు మూసుకున్నాడు. వాడి కంఠం దగ్గర చిన్న నరం పిచ్చుకలా కొట్టుకుంటోంది.

అప్పుడు చాప మీద కొడుకు పెదవులు కదిలాయి. ఆమె చూసింది, మాట రాలేదు. కాసేపటికి వచ్చింది.

"ఆగవ్వా."

ముత్తక్క ముడి వదిలేసింది. ఆ ఆలస్యం ఏమిటో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఆ అడవిలో లేరు.

కొడుకు చూపు కుర్రాడి వైపు తిరిగింది. మళ్లీ పెదవులు ముందు, మాట వెనక.

"అక్కడ నొస్తదా?"

కుర్రాడు ఉన్నదున్నట్టే చెప్పాడు. పడ్డప్పుడు నొస్తది. ఆట అయిపోయినంక ఇంకా నొస్తది. కట్టు కట్టినంక తక్కువైతది. మళ్ల ఆట మొదలైతే ఒంటి మీద ఏం ఉండదు, కొత్తగ ఉంటది.

"మరి ఇక్కడ?"

ఇక్కడ అతను బతకడని ముగ్గురికీ తెలుసు. ఆ ముడి విప్పితే ఎవడు బతకడో కూడా తెలుసు.

రామకృష్ణ కప్పు వైపు చూశాడు. నవ్వాడు కూడా, నవ్వు ఆలస్యంగా వినిపించింది.

"సంత రోజు షెడ్డుకు తీస్కపో అవ్వా."

తీసుకుపోయారు. బసవపున్నయ్య నులకమంచం ఒక కొస పట్టాడు, ఎర్రదట్టీ కుర్రాడు ఒంటి చేత్తో ఇంకో కొస పట్టాడు. ఆట అయిపోయింది. జనం పోయారు. ముత్తక్క పడ్డవాళ్లందరికీ ఎప్పటిలాగే కట్లు కట్టింది, జావ పోసింది. వాళ్లు లేచి వరసగా నిలబడ్డారు. ఆ వరస చివర రామకృష్ణ మంచం దిగి నిలబడ్డాడు. విరిగిన కాలితోనే నిలబడ్డాడు, వాళ్లంతా నిలబడే తీరుగానే. తన వంతు వచ్చాక తల్లి పాదాలు తాకి, తల వంచి లోపలికి పోయాడు. తెర కాస్త ఊగి ఆగింది.

బసవపున్నయ్య ఆ రోజు తెర మడత పెట్టలేదు. అట్లాగే వదిలి ఇంటికి పోయాడు.

మరుసటి సంతకు ముత్తక్క నల్లేరు గంప బయట పెట్టి, జనంతో పాటు లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ముసలమ్మలు జరిగి చోటిచ్చారు. పెద్ద పోరు వచ్చేసరికి షెడ్డంతా హుషారెక్కింది. హీరో నడివీధిలో నిలబడ్డాడు. చుట్టూ వాళ్లు. వాళ్లలో ఒకడు నల్ల బనీను మీద నడుముకు ఎర్రదట్టీ కట్టుకుని, ఎడమ కాలు ముందుకు పెట్టి, తన వంతు కోసం ఎదురు చూస్తున్నాడు. ఎంత ఓపికగా చూస్తున్నాడంటే, లైన్లలో నిలబడతారేంటని నవ్వినవాడేనా అనిపించింది. అతని ముందు మీసం సగం ఊడిన పెద్దమనిషి తన వంతుకు అడుగు వేశాడు. రామకృష్ణ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, తాను ముందుకు పోయాడు.

దెబ్బ పడింది. చప్పుడు రాలేదు ఇంకా. ఆ సందులో ఎప్పుడూ అరిచే షెడ్డు ఆ రోజు అరవలేదు. చింతపండు గంపల ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత చప్పుడు వచ్చింది, రేకుల మీద రాయి పడ్డట్టు.

ఆట అయిపోయాక అతను తెర కింది నుంచి దొర్లి వచ్చాడు. భుజం, రెండు పక్కటెముకలు. ముత్తక్క ముందు అతని మొహం తుడిచింది. పసరు పూసింది. బద్దలు ఎర్రదట్టీ కుర్రాడు అందించాడు, ఆ దట్టీ ఇప్పుడు అతని నడుముకు లేదు. పేలిక చుట్టింది. ఆఖరి ముడి దగ్గర ఆగింది. మిగతావాళ్లకు కట్లు కట్టేసరికి ఆ పూటకు పెద్దల పేర్లు అయిపోయాయి, ఇచ్చేందుకు పేరు ఒక్కటే మిగిలింది. ఆమె పెదవులు చాలాసేపు కదిలాయి. మాట రావడానికి తెర మీది వాళ్ల కంటే ఎక్కువ సేపు పట్టింది.

"బొజ్జయ్యా" అంది.

కాపరం చేసిన అన్నేళ్లలో, ఆయన రాయి దగ్గర కూర్చున్న అన్ని పొద్దుల్లో పలకని పేరు. ముడి నిలబడింది.

అతను జావ తాగాడు. పొద్దు వాలుతుంటే లేచి, చచ్చినవాళ్ల పేర్లున్న అందరితో పాటు వరసలో నిలబడి వెళ్లిపోయాడు.

ముత్తక్క మిగిలిన పేలికలు మడుచుకుంటూ బసవపున్నయ్యను అడిగింది.

"అన్నా, వచ్చే వారానికి మిద్దెల మీదికెళ్లి పడేది లేని సినిమా ఎయ్యి."

బసవపున్నయ్య పెన్‌డ్రైవుల డబ్బా ముందు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీసి, గుర్తు చేసుకుని, పక్కన పెట్టాడు. ఒకదాంట్లో రాతిమెట్ల మీద పడతారు. ఒకదాంట్లో మంటల్లో. ఒకదాంట్లో పగిలిన అద్దాల మీద. చీకటి పడేదాకా వెతికాడు. పడకుండా ఉండేది వాటిలో ఒక్కటీ లేదు.

"గడ్డి మీద పడేది ఒకటుంది ముత్తక్కా," అన్నాడు చివరికి.

"అదెయ్యన్నా" అంది.